నాలుగో గడి

పోయిన నెల ఒక మిత్రుడికి విత్తనాలు కావాలంటే తోడుగా ముదిగుబ్బ దగ్గర ఉన్న వేరుశెనగ మిల్లుకు వెళ్ళాను. లోపల ఒక మూల నల్లగుడ్డ కప్పిన చెక్కపెట్టె ఉంది. దాని ముందు స్టూలు మీద నడివయసు ఆడమనిషి కూర్చుని, గుప్పెడు గుప్పెడుగా పప్పు అందులో పోసి, గుడ్డ కిందికి తల దూర్చి చూస్తోంది. ఏమిటమ్మా అది అని అడిగితే, నన్నూ చూడమని స్టూలు ఖాళీ చేసింది. లోపల ఊదారంగు దీపం. ఆ వెలుగులో పప్పంతా నల్లగా ఉంది. మధ్యలో రెండు మూడు గింజలు మాత్రం మిణుగురుల్లా మెరుస్తున్నాయి. బూజు పట్టి విషమెక్కిన గింజలట అవి.

"మెరిసినేటివి ఏరి పారేస్తామన్నా. మిగిలినేటివి మంచివి," అంది.

గుడ్డ కింద నుంచి తల తీయకముందే నాకు ఒక డాక్టరమ్మ గుర్తొచ్చింది. మిల్లు మనిషి చెప్పిన రెండు మాటల్లో మొదటిది ఆమె ఒప్పుకునేది. రెండోదానికి మాత్రం ముఖం చిట్లించి, ఎట్ల తెల్సు అని అడిగేది.

ఆమె పోయి రెండేళ్ళు దాటింది. అనంతపురం పక్కన ఒక ధర్మాసుపత్రిలో ఏళ్ళ తరబడి కడుపులు కోసి కుట్టిన డాక్టరు. ఆమె సంతాపసభకు నేనూ వెళ్ళాను. దండ వేసిన ఫొటో, ముందు అగరొత్తులు. మొదట లేచినాయన ఆమెను దేవత అన్నాడు. రెండో ఆయన ఆ చేతిలో అమృతం ఉండేదన్నాడు. మూడో ఆయన, ఆమె పట్టుకున్న దీపంలో దైవశక్తి ఉండేదని చెప్పబోతుండగా నేను లేచి బయటికి వచ్చేశాను. మనిషిని దేవతను చేశాక, ఆ మనిషి ఏం పని చేసింది, ఎట్లా చేసింది అని తెలుసుకునే శ్రమ మనకు తప్పుతుంది. దేవతలకు మహిమ ఉంటుంది, పద్ధతి ఉండదు. ఆమెకు మహిమ లేదు. పద్ధతి ఉంది. దేవుళ్ళ ముందు వంచని తలను ఆ పద్ధతి ముందు వంచాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. పత్రికలో రాస్తానని ఒకసారి అడిగితే, పని రాసుకో అన్నా, పేరెందుకు, అని ఆమే అంది.

ఆమెను నేను మొదటిసారి చూడబోయింది మోసగత్తె అనుకుని. రెండువేలు దాటిన తొలి ఏళ్ళు. మా హేతువాద సంఘం వాళ్ళం ఊరూరా తిరిగి, బాబాలు చేసే తంతులన్నీ జనం ముందు చేసి చూపిస్తున్న రోజులు. నిమ్మకాయలో రక్తం, కొబ్బరికాయలో నిప్పు, గాలిలో విభూతి, అన్నీ మా సంచిలో ఉండేవి. అప్పుడు చిలమత్తూరు నుంచి ముదిగుబ్బ దాకా ఒక పుకారు పాకింది. ఫలానా ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉందంట, గది చీకటి చేసి, కోసిన కడుపు మీద నీలిదీపం పడుతుందంట, మనిషి చేసిన పాపమంతా చుక్కలు చుక్కలుగా మెరుస్తుందంట, దాన్ని ఆమె ఏరేస్తుందంట. ఆసుపత్రి గేటు దగ్గర టెంకాయలు కొట్టడం కూడా మొదలైంది.

నాకు ఒళ్ళు మండింది. కరపత్రం సగం రాసి సంచిలో పెట్టుకుని, ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమె తన గదిలో కూర్చుని పొట్లంలో ఉడికించిన శెనక్కాయలు ఒలుచుకుని తింటోంది. యాభై ఏళ్ళు ఉంటాయేమో. పొట్టి మనిషి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. నేను నిలబడే మొదలుపెట్టాను. శాస్త్రం చదివిన వాళ్ళే ఇట్లా చేస్తే ఎట్లా అని, జనాన్ని వెనక్కి లాగుతున్నారని, చాలా అన్నాను. ఆమె అడ్డు రాలేదు. మధ్యలో ఒక గింజ నోట్లో వేసుకుని, చేదు అని ఉమ్మేసింది. నేను ఆగాక పొట్లం నా వైపు జరిపింది.

"పాపం మాట నేను అనలా," అంది. "రంగుమందు ఎక్కిస్తే ఒంటికి మాపటి దాకా పచ్చదనం ఉంటాది. ఒంటేలికి పోతే పచ్చగా పోతాది. ఒకామె అది చూసుకుని, నా పాపమంతా దిగిపోయిందని వార్డంతా చెప్పుకుంది. నేను కాదని నాలుగు తూర్లు చెప్పినా. నీ నోరు పెద్దది గదా, నువ్వు చెప్పు."

నా వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

తర్వాత ఆమె చెప్పింది, బడిపిల్లలకు చెప్పినంత ఓపికగా. పెద్దపేగులో పుట్టిన క్యాన్సరు కొందరిలో పేగు దాటి కడుపు లోపలి పొరంతా చల్లుకుంటుంది. రాగిగింజంత, కొన్నిచోట్ల అంతకంటే చిన్నవి. ఉన్నవి కొన్నే అయితే, అన్నీ తీయగలిగితే, మనిషికి కొన్నేళ్ళు దొరకొచ్చు. కొన్ని మిగిలిపోతే అంత పెద్ద కోత కోసీ ప్రయోజనం తక్కువ. కనుక అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూడటమే సగం పని. కంటి డాక్టర్లు కంటి వెనక నరాలు చూడటానికి చేతికి ఒక పచ్చరంగు మందు ఎక్కిస్తారు. క్యాన్సరు గడ్డలకు పుట్టే రక్తనాళాలు కారుతూ ఉంటాయి కాబట్టి ఆ రంగు అక్కడ చేరుతుంది. నీలి వెలుగు వేసి, పసుపు అద్దాల్లోంచి చూస్తే మెరుస్తుంది. పెద్ద దేశాల్లో దీనికి కెమెరాలు తయారు చేస్తున్నారట, వేరే మంచి మందులు వెతుకుతున్నారట. ఆమె దగ్గర ఉన్నది కంటి విభాగం వాళ్ళను అడిగి తెచ్చుకున్న దీపం, రెండు జతల పసుపు కళ్ళద్దాలు. ఆసుపత్రి పెద్దల కమిటీ ముందు నిలబడి, రోగి ఒప్పుకుంటేనే అన్న షరతు మీద అనుమతి తెచ్చుకుంది.

"అయితే మెరిసిందల్లా క్యాన్సరే కదా," అన్నాను.

"కాదు. వాపు ఉన్నా మెరుస్తాది. పాతకుట్టు కాడ మెరుస్తాది."

"మెరవనిది క్యాన్సరు కాదు కదా?"

ఆమె లేచి బీరువాలోంచి ఒక పొడుగుపుస్తకం తీసి నా ముందు పడేసింది. బడిలో హాజరు వేసే రిజిస్టరు లాంటిది. ప్రతి పేజీలో సిరాతో నిలువుగీతలు గీసి మూడు గళ్ళు చేసింది. మొదటి గడి మీద 'చేయి', రెండోదాని మీద 'వెలుగు', మూడోదాని మీద 'అద్దం' అని రాసుంది. కడుపు తెరిచాక చేత్తో తడిమి, కంటితో చూసి ఏం తోచిందో మొదటి గడిలో. దీపం వేశాక ఏం మెరిసిందో రెండో గడిలో. ఆ ముక్కలు ఒక్కొక్కటీ వేరువేరు సీసాల్లో వెళ్ళి, సూక్ష్మదర్శిని కింద ఏమని తేలిందో మూడో గడిలో. ఒక గడి నింపకుండా తర్వాతి గడికి పోకూడదు. నింపాక కొట్టివేయకూడదు. మూడో గడి వచ్చాక, మొదటి రెండింట్లో తప్పయినదాని చుట్టూ ఎర్ర సున్నా.

పేజీలు తిప్పాను. ఎర్ర సున్నాలు లేని పేజీ దొరకలేదు.

"ఇన్ని తప్పులా?"

"తెలిసినేటివి ఇన్ని," అంది ఆమె, ఇంకో కాయ ఒలుస్తూ.

ఎంతమంది బాబాలను, ఎంతమంది అమ్మలను, ఎంతమంది మంత్రగాళ్ళను నిలదీశానో. తమ తప్పులు రాసుకున్న పుస్తకాన్ని తామే తెచ్చి నా చేతిలో పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాటకొస్తే మా సంఘంలోనూ అట్లాంటి పుస్తకం లేదు. పోయేటప్పుడు ఆమె కరపత్రం అడిగి తీసుకుని నిదానంగా చదివింది. రెండో పేరా బాగుందంది. 'ఎవరు ఏం చెప్పినా రుజువు చూపించమని అడగండి' అని రాశాను అందులో. అది ఉంచు, మిగతాది నన్ను అడిగినాక రాసింటే బాగుండు, అంది.

అప్పటి నుంచి ఆ దారిన పోయినప్పుడల్లా ఆమె గదికి వెళ్ళడం అలవాటయింది. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ళ బట్ట అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపేది. ఆడవాళ్ళ కొంగు, మగవాళ్ళ పైగుడ్డ, ఏదైనా సరే. ఒకసారి నా చేనేత చొక్కా పట్టుకుని, భుజం కాడ ఒక పోగు పోయింది చూసుకున్నావా అంది. రెండేళ్ళుగా తొడుగుతున్న చొక్కా. విప్పి వెలుగుకు పట్టి చూస్తే నిజమే. రోగి కడుపు తడిమేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకునేది. పర్వాలేదు అన్న మాట ఆమె నోట వినలేదు. ఏం భయం లేదు అన్న మాట కూడా. ఎవరైనా అంతా బాగుందా మేడమ్ అని అడిగితే, "నాకేం కనపడలా. లేదని చెప్పలా," అనేది. ఆ జవాబుకు ఏడ్చినవాళ్ళు ఉన్నారు, తిట్టుకుంటూ పోయినవాళ్ళు ఉన్నారు.

ఈ పద్ధతి ఏ పెద్ద ఆసుపత్రిలో నేర్చుకున్నావని అడిగితే, ధర్మవరంలో, మా నాయన కాడ, అంది. వాళ్ళ నాయన మగ్గం నేసేవాడు. చీర దిగినాక దాన్ని తాను చూసుకునేవాడు కాదట. ఎదురింటి నేతగాడు వచ్చి చూడాలి. వాళ్ళింటి చీర ఈయన పోయి చూడాలి. పొద్దున ఎండలో వాకిట్లో వెదురుగడకు చీర వేలాడేసి, చూసే మనిషి దాని వెనక నిలబడేవాడు, వెలుగు పోగుల్లోంచి తన మీద పడేట్టు. అంతసేపూ నేసినవాడు ఇంట్లోకి పోవాల్సిందే. బయట ఉంటే చూసేవాడు అతని ముఖం చూస్తాడు, ముఖం చూస్తే మొహమాటపడతాడు, మొహమాటపడితే మచ్చ వదిలేస్తాడు. చిన్నప్పుడు ఆమె పని, నాయన లోపలే ఉన్నాడా లేదా అని తలుపు దగ్గర కాపలా కాయడమట.

ఆ వాకిలినే ఆమె ఆపరేషన్ గదిలోకి తెచ్చింది. అక్కడి సిస్టరమ్మ చెబితే తెలిసింది నాకు. గదిలో దీపాలన్నీ ఆర్పి, నీలిదీపం వేశాక, డాక్టరమ్మ తాను చూసి నోరు మూసుకుని పక్కకు జరుగుతుంది. తర్వాత సిస్టరమ్మ పసుపు అద్దాలు పెట్టుకుని చూసి, ఎక్కడెక్కడ మెరిసిందో పైకి చెప్పాలి. అది రాసుకున్నాకే డాక్టరమ్మ తన మాట చెప్పేది. మొదట్లో సిస్టరమ్మకు భయం. చెబుతూ చెబుతూ డాక్టరమ్మ ముఖం వైపు చూసేదట, సరిగ్గా చెబుతున్నానా అని.

"నా మొకంలో గడ్డలు లేవు, కడుపులో చూడు," అనేదట డాక్టరమ్మ.

ఇదంతా దూరం నుంచి చూసి మెచ్చుకోవడం సులభం. రెండేళ్ళ తర్వాత ఆ బల్ల మీద పడుకోవలసి వచ్చింది మా అక్కకు.

మా అక్క ముదిగుబ్బ మండలంలోనే ఒక పల్లెలో ఉండేది. బావ ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. నాలుగెకరాల మెట్ట, ముప్పై దాకా గొర్రెలు. వాన వస్తే శెనక్కాయ, రాకపోతే గొర్రెలే దిక్కు. ఆ గొర్రెలకు ఒక్కొక్కదానికీ పేరు. అక్క పెద్దపేగులో గడ్డ వస్తే అంతకుముందే ఒకసారి తీశారు. ఏడాది తిరక్కుండా కడుపులో మళ్ళీ బరువు మొదలైంది. పరీక్షలు చేసి, కడుపు పొర మీద కొన్ని చల్లుకున్నట్టున్నాయి, ఎన్నున్నాయో తెరిస్తే గానీ తెలియదు అన్నారు.

దీపం సంగతి అక్కకు నేను చెబుతానంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. తానే మంచం పక్కన కూర్చుని, అక్క కొంగు వేళ్ళతో నలుపుతూ చెప్పింది. ఈ రంగుమందుతో రోగం తగ్గదు. నాకు చూపు కొంచెం పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. వాంతి కావచ్చు, ఎప్పుడో ఒకరికి ఒళ్ళు దద్దుర్లు లేచి ఊపిరి కష్టం కావచ్చు, దానికి మందు పక్కనే పెట్టుకుంటా. వద్దంటే వద్దు, దీపం లేకుండానే కోస్తా, ఏమీ అనుకోను.

అక్క అంతా విని, "పుచ్చిత్తనాలు ఏరినట్ల గదమ్మా?" అంది.

"అట్లనే అక్కా."

"అయితే నేనూ రోంత చెప్తా. మెరిసేదాన్ని ఎవురైనా ఏర్తారు. చేత్తో తడిమితే గదా పుచ్చు తెలిసేది."

డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. నువ్వు మా ఇంట్లో పుట్టాల్సిందానివి అక్కా, అంది. వేలిముద్ర వేస్తానన్న అక్క చేత, పేరు రాయడం వచ్చు గదా అని, సంతకమే పెట్టించింది.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగింది. నేను వరండాలో ఉన్నాను. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం వాడిపోయి ఉంది, గోడకు ఆనుకుని నిలబడింది. "కనపడినేటివన్నీ తీసినా. కనపడనేటివి ఉండచ్చు," అంది.

ఇప్పుడు నేను చేసిన పని రాయాలి. రాయకపోతే ఆమె ఎట్లాంటి మనిషో తెలియదు. నేను ఆమె చేతులు పట్టుకున్నంత పని చేశాను. అక్కకు మొదటి మాట ఒక్కటే చెప్పండి మేడమ్, రెండో మాట వద్దు, అన్నాను. వయసైన మనిషి, ఒంటరి మనిషి, ధైర్యంగా ఉంటుంది, మీరు అన్నీ తీశానంటే ఆ నమ్మకంతోనే కోలుకుంటుంది అన్నాను. నమ్మకం అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. ఏ మాట మీద ఇరవై ఏళ్ళు వేదికలెక్కి విరుచుకుపడ్డానో ఆ మాటే.

ఆమె గద్దించలేదు. ఎగతాళి చేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు, అదీ చేయలేదు.

"రెండో మాట లేకుంటే మొదటిది అబద్ధం అయితాదన్నా," అంది. "ఆమె కడుపు. నీదీ కాదు, నాదీ కాదు."

నాలుగో రోజు అక్క లేచి కూర్చున్నాక రెండు మాటలూ చెప్పింది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అక్క ఏడవలేదు. ఆమెకు కావలసింది వేరే ఉంది.

"గొర్రెల్ని ఉంచుకోవాల్నా, అమ్మేయాల్నా? అది చెప్పు."

డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. నేను చూసినంతలో, ఏ ప్రశ్నకూ ఆమె అంతసేపు తీసుకోలేదు. "అమ్మద్దు," అంది చివరికి. "అన్నీ నీ మీదే పెట్టుకోవద్దు."

అక్క ఊరికి వెళ్ళి అట్లాగే చేసింది. సగం మందను పక్కింటి వాళ్ళకు పాలుకు ఇచ్చింది, పుట్టిన పిల్లల్లో చెరిసగం అని. మిగతా సగం తానే తోలుకుంది. రెండో మాట దాచి ఉంటే అక్క మంద మొత్తం తన మీదే వేసుకునేది. లేక, లోలోపల అనుమానంతో ఉన్నవన్నీ అమ్మేసి కూర్చునేది. అన్నీ తెలిసి తీసుకున్న నిర్ణయంలో ఎంత నిబ్బరం ఉంటుందో అక్క నడక చూస్తే తెలిసేది. చేతిలో కర్ర, నెత్తిన తుండుగుడ్డ, ముందు పదిహేను గొర్రెలు. మూడో గడి కాగితాలు వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచి చూపించింది. మెరిసినవాటిలో కొన్ని ఉత్త వాపు. మెరవకపోయినా చేతికి తగిలి తీసినది ఒకటి క్యాన్సరు. ఎర్ర సున్నాలు పెట్టి, మీ అక్క చెప్పింది నిజమేనప్పా, అంది.

అక్క మూడేళ్ళు బాగా ఉంది. నాలుగో ఏడు కడుపు ఉబ్బడం మొదలైంది.

డాక్టరమ్మ ఈసారి చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి చూసింది. చూసిన మరుసటి పొద్దున ఆ పొడుగుపుస్తకం చంకలో పెట్టుకుని వార్డులోకి వచ్చింది. పుస్తకాన్ని రోగి దగ్గరికి తేవడం అంతకుముందు నేను చూడలేదు. నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. అక్క పేరున్న పేజీ తెరిచి మంచం మీద పెట్టింది.

"అక్కా, ఇది నీ పేజీ. కుడిపక్క, కార్జం మీద గొడుగు మాదిరి ఒక పొర ఉంటాది. ఇప్పుడు ఆడ ఉండాది రోగం. ఆ పొద్దు ఆడ దీపం కింద ఏం మెరవలా. నేను చేయి పెట్టి చూడలా."

అక్క ఆ గడి వైపు చూసింది. చదవడం రాకపోయినా ఖాళీ కనబడుతుంది కదా. మొదటి గడిలో ఆ చోటుకు ఎదురుగా ఏమీ లేదు.

"ముందు చేయి, తర్వాత దీపం, అది నేను పెట్టుకున్న పద్ధతే. దీపం అలవాటయి, ముందు దీపం వేసి, మెరిసిన కాడ, దాని చుట్టుపక్కల మాత్రమే చేయి పెట్టడం నేర్చినా. ఆ పొద్దు చాలాసేపయింది, అలిసిపోయింటి. దీపాన్ని నమ్మినా. చేయి పెట్టింటే దొరికిండేదేమో. దొరక్కపోయిండేదేమో. అది నాకు తెలీదు. పెట్టలేదన్నది తెల్సు."

ఆ క్షణంలో ఆమె మీద కోపం వచ్చిందా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. వచ్చింది. అక్కను తీసుకుపోతున్న రోగం మీద వచ్చిన కోపం కనబడే మనిషి మీదికి మళ్ళింది. కానీ ఆమె అట్లా నిలబడి ఉండటం చూస్తే, ఆ కోపం నిలవలేదు. ఎవరూ అడగలేదు. ఎవరికీ ఎన్నటికీ తెలిసేది కాదు.

అక్క కూడా అదే అడిగింది. "నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేది కాదు గదమ్మా?"

"తెలిసేది కాదు."

"మల్ల ఎందుకు చెప్తివి?"

"నీ కడుపు గదక్కా."

మూడేండ్లు నా గొర్రెల్ని నేనే తోలుకున్యా, అంది అక్క, తనలో తను అనుకున్నట్టు. తర్వాత చేయి చాచి, పుస్తకం మీద ఆ ఖాళీ చోట వేలు పెట్టింది.

"ఈడ రాసుకో. నా ఎనకాల వచ్చేదానికి ఈడ చెయ్యి పెట్టు."

డాక్టరమ్మ జేబులోంచి పెన్ను తీసి, అక్క ముందే ఏదో రాసింది. ఏం రాసిందో నేను అప్పుడు చూడలేదు. రాస్తున్నంతసేపూ ఆమె ఎడమచేయి అక్క కొంగు అంచు మీద ఉంది. నలపడం లేదు, ఊరికే పట్టుకుని ఉంది.

అక్క రెండు నెలలకు పోయింది, ఇంట్లోనే. ఏ గొర్రె ఎవరిదో ముందే తేల్చి పెట్టింది కాబట్టి ఊళ్ళో ఒక్క మాట రాలేదు. డాక్టరమ్మ వచ్చి, దొడ్డి దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

సంతాపసభ నుంచి లేచి వచ్చేసిన రోజు, నేను నేరుగా ఆమె గదికి వెళ్ళాను. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్ర డాక్టరమ్మ ఇప్పుడు అక్కడ కూర్చుంటోంది. ఆసుపత్రికి అప్పటికి కొత్త కెమెరా వచ్చింది, వేరే మందు వచ్చింది, తెర మీద అంతా పెద్దగా కనబడుతుందట. నేనెవరో చెప్పి, పాత పుస్తకం ఉందా, మా అక్క పేజీ ఒకసారి చూస్తానని అడిగాను. ఆ అమ్మాయి వెతికి తెచ్చి, ఆ పేజీ ఒక్కటే తీసి చూపించింది. ఖాళీ గడిలో, గుండ్రటి అక్షరాలతో, 'చేయి పెట్టలేదు' అని ఉంది. చుట్టూ ఎర్ర సున్నా. ఆ పక్కన, పేజీ అంచులో మిగిలిన ఇరుకు చోట, స్కేలు లేకుండా చేత్తో గీసిన ఒక వంకర నిలువుగీత.

మిగతా పేజీలు రోగుల సంగతులని ఆ అమ్మాయి నా చేతికివ్వలేదు, సరైన పనే చేసింది. దూరం నుంచి తిప్పి మాత్రం చూపించింది. అక్కడి నుంచి ప్రతి పేజీలోనూ నాలుగు గళ్ళు ఉన్నాయి. దీపం ఆరాక, మెరవని చోట్ల మళ్ళీ చేయి పెట్టి చూసింది నాలుగోదాంట్లో రాయాలట. అది నిండకుండా కుట్టు వేయడానికి మేడమ్ ఒప్పుకునేది కాదని చెప్పింది. ఇప్పుడు కెమెరా వచ్చాక కూడా ఆ గడి ఉంచారట.

"మేడమ్ దాన్ని అక్క గడి అనేది సార్. అక్క గడి నింపినారా, అక్క గడి నింపినారా అని పానం తీసేది. మేమూ అట్లనే అంటాం. ఎందుకంటారో తెలీదు," అంది.

నేను చెప్పలేకపోయాను.

మిల్లులో ఇదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. గుడ్డ కింద నుంచి తల తీసి, మెరవని పప్పులోంచి ఒక గింజ తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, రెండు బద్దలు చేసి వాసన చూశాను. మిల్లు మనిషి వింతగా చూసింది.

"అది మెరవలేదు గదన్నా. మంచిదే గదా?"

కొరికి చూశాను. తియ్యగానే ఉంది.

"ఇది మంచిదేనమ్మా," అన్నాను, ఇంకొక గింజ తీసుకుంటూ.